పాత హాట్‌వీల్స్ ఎఫ్40 అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 90ల్లో మీ నాన్నగారు వరంగల్‌లో కొనిచ్చిన ఎర్ర ఫెరారీ ఎఫ్40 హాట్‌వీల్స్ కారు ఇంకా మీ దగ్గరే ఉంది. అడుగున 1988 అని ఉంది. దానికి ఒకాయన మంచి ధర ఇస్తానంటున్నాడు. ఈలోగా హాట్‌వీల్స్ నుంచి కొత్త ఎఫ్40 వచ్చింది. పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవచ్చా, రెండిట్లో ఏది మెరుగు, అసలు మీది నిజంగా 1988 నాటిదేనా అన్నది మీ సందేహం.

జవాబు ముందే చెప్పేస్తాను. అసలు కారుకు దగ్గరగా ఉండే మోడల్ కావాలంటే కొత్తది మెరుగు. చేతిలో పట్టుకుని ఆడుకునే బొమ్మగా పాతదే మెరుగు. అయితే ఈ రెండూ ఒకే కారుకు నమూనాలు కావు, కాబట్టి ఒకటి ఇచ్చేసి దాని స్థానంలో ఇంకొకటి పెట్టుకున్నట్టు అవదు. ఇక 1988 సంగతి: అది మీ కారు తయారైన ఏడాదిని చెప్పదు. ఆ అంకె చూసి ఎవరైనా ధర చెబితే ఇచ్చేవాళ్లయినా పుచ్చుకునేవాళ్లయినా తొందరపడకూడదు.

పాతికేళ్లుగా ఈ చిన్న కార్లు పోగేస్తున్నాను. నా దగ్గర ఎఫ్40లే ఏడున్నాయి. మొదటిది విశాఖలో ఒక స్టేషనరీ షాపులో రూ.50 లోపే కొన్నాను. ఇన్నేళ్లలో ఈ అంకె దగ్గర మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అడుగున ఉన్న ఏడాది దేన్ని చెబుతుంది?

కారును తిరగేస్తే హాట్‌వీల్స్ తయారుచేసే మాటెల్ కంపెనీ పేరు పక్కన ఒక ఏడాది ఉంటుంది. అది ఆ అచ్చు డిజైన్ మీద హక్కు నమోదైన ఏడాది. అచ్చు ఒకసారి తయారైతే దాన్ని పదేళ్లు, పదిహేనేళ్లు వాడుతూనే ఉంటారు. రంగు మారుతుంది, చక్రాలు మారతాయి, పక్కల ముద్రించే చిత్రాలు మారతాయి, తయారయ్యే దేశం మారుతుంది. అడుగున అంకె మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి 1988 అని ఉన్న ఎఫ్40 తొలి బ్యాచ్‌ది కావచ్చు, 2000 దాటాక వచ్చిందీ కావచ్చు.

2008 నుంచి ఇంకో గుర్తు మొదలైంది. అడుగున చిన్నగా ఒక ఇంగ్లిషు అక్షరం, దాని వెంట రెండంకెలు కొడతారు. అక్షరం ఏడాదిని, అంకెలు ఆ ఏడాదిలో వారాన్ని చెబుతాయి. 2008కి ఏ, 2009కి బీ, 2010కి సీ, అలా 2014కి జీ, 2015కి హెచ్. అంకెలతో కలిసిపోతాయని ఐ, ఓ అక్షరాలు వదిలేశారు. మీ కారుకు ఈ గుర్తు లేకపోతే అది 2008కి ముందుది. 90ల్లో కొన్నారు కాబట్టి ఉండదు. ఉంటే మాత్రం ఇంట్లో ఎవరో ఎప్పుడో మార్చేశారని అర్థం. పిల్లలున్న ఇళ్లలో అదీ జరుగుతుంది.

గుర్తు లేని పాత కారు వయసు అంచనా వేయడానికి ముందుగా చూడాల్సింది చక్రాలు. 1984లో అల్ట్రా హాట్స్ అనే చక్రాలు వచ్చాయి. 80ల చివర్లో స్పోర్ట్స్ కార్లకు ఎక్కువగా అవే పెట్టేవారు. 90ల మధ్య నుంచి అయిదు చువ్వల చక్రం చాలా కార్ల కిందకు వచ్చేసింది. మీ ఎఫ్40కి అయిదు సన్నటి చువ్వలుండి వాటిపై క్రోమ్ మెరుస్తోందంటే అది బహుశా 95 తరవాతిదే. మీ నాన్నగారు కొన్న ఏడాది మీకు లీలగానైనా గుర్తుంటే దానితో సరిచూసుకోండి.

ఇక మూత సంగతి. నా దృష్టిలో పాతదాని ప్రాణం అక్కడే ఉంది.

తొలి ఎఫ్40కి వెనుక ఇంజిన్ మూత తెరుచుకుంటుంది. తరవాతి రోజుల్లో అదే అచ్చును సవరించి మూత కదలకుండా మూసేశారు. పైనుంచి ఫొటో తీస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

ఇలా ఎందుకు చేస్తారంటే ఖర్చు. తెరుచుకునే భాగం ఉంటే దాన్ని విడిగా పోత పోయాలి, రంగు వేయాలి, బాడీతో కలిపి బిగించాలి. మూడు అంగుళాలు కూడా లేని కారుకు అదంతా భారమే. 90ల తరవాత తక్కువ ధర కార్లలో తెరుచుకునే బానెట్లు, తలుపులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. చాలా కార్లకు లోహపు అడుగు పోయి ప్లాస్టిక్ వచ్చింది కూడా ఈ లెక్క వల్లే. అంతకంటే పాత కార్లు చేతిలో బరువుగా ఉంటాయని అందుకే అంటారు.

ఎఫ్40 విషయంలో మూత పోవడం మామూలు నష్టం కాదు. అసలు కారును గుర్తు తెచ్చుకోండి. ఫెరారీ కంపెనీకి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 1987లో దాన్ని విడుదల చేశారు. కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ బతికుండగా ఆమోదించిన చివరి కారు అదే. 1988 ఆగస్టులో ఆయన పోయారు. మధ్యలో 2.9 లీటర్ల వీ8 ఇంజిన్, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్, గంటకు 324 కిలోమీటర్ల వేగం. ఆ కారులో వెనుక భాగమంతా, రెక్కతో సహా, ఒక్క ముక్కగా పైకి లేస్తుంది. గాలి ఆడేందుకు చీలికలున్న పారదర్శక కిటికీ గుండా, మూత వేసి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ కనబడుతుంది. అంటే ఆ కారు తన ఇంజిన్‌ను దాచుకోదు. దాని బొమ్మలో మూత తెరుచుకుంటే ఆ స్వభావం అందులోకి వచ్చినట్టు. నా ఏడింటిలో మూత తెరుచుకునేవి రెండే. ఇంటికొచ్చిన పిల్లలు మిగతా అయిదింటిని చూసి పక్కన పెట్టేస్తారు, వీటిని మాత్రం వదలరు.

కాబట్టి కొనేవాడు ఎంత ఇస్తానన్నాడన్నది తరవాత. ముందు మీ కారు మూత తెరుచుకుంటుందో లేదో చూడండి.

కొత్తది అసలు ఏ కారు?

మధ్యలో పదేళ్లు హాట్‌వీల్స్‌లో ఫెరారీలే లేవు. 1999లో మాటెల్ ఫెరారీతో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. అది 2014తో ముగిసింది. 2015 నుంచి ఫెరారీ లైసెన్సు బురాగో, మైస్టో పేర్లతో కార్లు చేసే హాంకాంగ్ సంస్థ మే చియాంగ్‌కు వెళ్లింది. ఆ పదేళ్లలో చిన్న సైజు ఎఫ్40 కావాలంటే టోమికా ప్రీమియం, క్యోషో, బురాగో లాంటి వేరే బ్రాండ్ల వైపు చూడాల్సి వచ్చేది. హాట్‌వీల్స్ పాత ఎఫ్40 ధర పెరగడానికి అదొక పెద్ద కారణం. 2024 చివర్లో మాటెల్, ఫెరారీ మళ్లీ చేతులు కలిపాయి. 2025లో ఫెరారీలు తిరిగొచ్చాయి.

అలా వచ్చినవాటిలో ఉన్నది ఎఫ్40 కాంపిటిజియోనె. పేరు చదివేటప్పుడు ఆ రెండో మాట చాలామంది వదిలేస్తున్నారు. మీ నాన్నగారు కొనిచ్చింది రోడ్డు మీద తిరిగే ఎఫ్40. కొత్తది పందేల కారు. ఇటలీలోని పాదువాలో మిచెలోత్తో అనే సంస్థ ఎఫ్40ని రేసులకు మార్చి ఎఫ్40 ఎల్ఎం అని తయారుచేసింది. ఆ వరసలోదే కాంపిటిజియోనె. 1989లో అమెరికాలోని లగూనా సెకా ట్రాక్ మీద ఫ్రెంచ్ రేసర్ జాఁ అలేసి నడిపిన ఎఫ్40 ఎల్ఎం మూడో స్థానంలో వచ్చింది.

రెండిటినీ పక్కపక్కన పెట్టినప్పుడు తేడా ముందు లైట్ల దగ్గర తెలుస్తుంది. రోడ్డు కారుకు లైట్లు బానెట్‌లోంచి పైకి లేస్తాయి, పగలు మూసుకుని ఉంటాయి. పందేల కారులో పైకి లేచే లైట్లు తీసేసి, బాడీలోనే స్థిరంగా ఉండేవి పెట్టారు, వాటిపై పారదర్శక కవచం వేశారు. రెక్క కూడా వేరు. పందేల కారుకు కోణం మార్చుకునే రెక్క ఉంటుంది. కాబట్టి కొత్త మోడల్ చూసి ‘లైట్లు తప్పుగా చేశారు’ అనుకోకండి, అవి సరిగ్గానే ఉన్నాయి. ‘పాతదానికి లైట్లే లేవు’ అనీ అనుకోకండి. పాతదీ సరైనదే, లైట్లు మూసుకుని ఉన్న కారు అది.

కొత్తది దేనిలో మెరుగు?

ముందుగా చక్రాలు. పాత ఎఫ్40 కింద ఉన్నవి ఎఫ్40 కోసం చేసినవి కావు. అవే చక్రాలు అదే ఏడాది వచ్చిన వేరే కార్ల కిందా ఉండేవి. ట్రాక్ మీద బాగా దొర్లాలి, చవకగా రావాలి, అంతే లెక్క. కొత్తది ప్రీమియం అనే ఖరీదైన వరసలోది. ఆ వరసలో రియల్ రైడర్స్ అనే రబ్బరు టైర్లు వస్తాయి. రిమ్ వేరుగా, టైరు వేరుగా ఉంటుంది.

ఇంట్లో మీరే చేసి చూడదగ్గ లెక్క ఒకటి చెబుతాను. అసలు కారుకు ముందు టైర్లు 245/40, వెనుక 335/35, రిమ్ములు 17 అంగుళాలు. లెక్క కడితే ముందు చక్రం ఎత్తు దాదాపు 628 మిల్లీమీటర్లు, వెనుకది 666. మోడల్ అసలు కారులో 64వ వంతు (1:64) కాబట్టి వీటిని 64తో భాగిస్తే మోడల్‌కు ముందు చక్రం 9.8, వెనుకది 10.4 మిల్లీమీటర్లు ఉండాలి. వెనుకది ఎత్తులో అర మిల్లీమీటరే ఎక్కువ, కానీ వెడల్పులో చాలా ఎక్కువ. ఎఫ్40 వెనక్కి కూర్చుని ముందుకు దూకబోతున్నట్టు కనిపించేది ఆ వెడల్పు వల్లే. వెర్నియర్ కాలిపర్ ఉంటే మీ కారు చక్రాలు కొలిచి చూడండి. పాతదానిలో కారు నిలబడిన తీరు ఎందుకో కాస్త బొమ్మలా ఉందని చిన్నప్పుడు అనిపించి ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది.

బాడీ కూడా కొలవండి. అసలు కారు పొడవు 4,358 మిల్లీమీటర్లు, వెడల్పు 1,970, చక్రాల మధ్య దూరం 2,450. 1:64 లెక్కన పొడవు 68, వెడల్పు 31కి కాస్త తక్కువ, చక్రాల మధ్య 38 రావాలి. హాట్‌వీల్స్ ప్యాకెట్ మీద 1:64 అని ఉన్నా అన్ని కార్లనూ ఒకే ప్యాకెట్‌లో పట్టేలా చేస్తారు కాబట్టి నిష్పత్తి అటూ ఇటూ అవుతుంది. ఏ మోడల్ ఎంత నిజాయితీగా చేశారో చెప్పడానికి నేను ఎప్పుడూ పొడవు కన్నా చక్రాల మధ్య దూరమే చూస్తాను. రెక్క, బంపర్ కాస్త సాగదీసినా కంటికి ఆనదు, చక్రాలు స్థానం తప్పితే వెంటనే తెలిసిపోతుంది.

రెండోది పెయింట్ మీద ముద్రణ. టాంపో అంటారు కదా, సిలికాన్ మెత్తతో రంగు తీసి బాడీ మీద అద్దే పద్ధతి. మెయిన్‌లైన్ అనే మామూలు చవక కార్లకు దీన్ని వీలైనంత తక్కువసార్లు వాడతారు. ఒక్కో అద్దకానికీ ఖర్చుంటుంది మరి. అందుకే చవక కారులో పక్కలు ముద్రించి ముందు, వెనుక వదిలేస్తారు. ప్రీమియంలో వెనుక లైట్లు కూడా రంగులో కనిపిస్తాయి. ఎఫ్40కి వెనుక నాలుగు గుండ్రటి లైట్లు, మధ్యలో పక్కపక్కనే మూడు సైలెన్సర్ గొట్టాలు. నేను ఏ ఎఫ్40 మోడల్ చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి ఆ మూడు గొట్టాలూ లెక్కపెడతాను.

మూడోది బరువు. ప్రీమియంలో బాడీ, అడుగు రెండూ లోహమే. చేతిలో పెట్టుకోగానే తెలుస్తుంది.

ఇన్ని ఉన్నా, కొత్తదాన్ని నేను ఆడించను. రబ్బరు టైర్ల కారు ట్రాక్ మీద ప్లాస్టిక్ చక్రాల కారంత వేగంగా పోదు. అద్దాల బీరువాలో ఉంటేనే దానికి అందం. పాతదాన్ని మా అన్నయ్య కొడుకు నేల మీద తోస్తే హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది.

కొనేటప్పుడు ఒక హెచ్చరిక

కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక ఎఫ్40 కొన్నాను. తొలి బ్యాచ్‌ది అన్నారు, ఫొటోల్లో చక్రాలు, రంగు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చేతికొచ్చాక తిరగేసి చూస్తే అడుగును బాడీకి బిగించే రెండు రివెట్లలో (లోహపు మేకుల్లో) ఒకదాని తల గుండ్రంగా లేదు. మధ్యలో చిన్న గుంట, చుట్టూ గీతలు, పైన ఏదో జిగురు పూసి నల్లరంగు అద్దారు. రివెట్‌ను డ్రిల్‌తో తొలిచి, కారు విప్పి, వేరే పాత కారు చక్రాలు తెచ్చి పెట్టి మళ్లీ అతికించారన్నమాట. పైన రంగు కూడా మళ్లీ వేసిందే. తలుపు గీత లోపల రంగు మందంగా పేరుకుని గీత సగం పూడిపోయింది. ఫ్యాక్టరీ రంగు అంత మందంగా ఉండదు.

ఆ రోజు నుంచి రివెట్ల ఫొటో దగ్గరగా తీసి పంపకపోతే కొనడం మానేశాను. మీరు అమ్మేటప్పుడు కూడా ఆ ఫొటో మీరే ముందుగా పంపండి. నిజమైన కొనుగోలుదారు అయితే దాన్ని చూసే ధర పెంచుతాడు. ఇంకో చిట్కా: పాత హాట్‌వీల్స్ ఎఫ్40 అని ఎవరైనా అమ్ముతున్నప్పుడు అడుగున హెచ్ లేదా ఆ తరవాతి అక్షరం ఉంటే అనుమానించండి. లైసెన్సు 2014తోనే అయిపోయింది కదా.

కొత్త ప్రీమియం మన దగ్గర ఎందుకు దొరకడం లేదని చాలామంది అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పైగా 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి అయింది. హైదరాబాద్ మాల్స్‌లో మెయిన్‌లైన్ కార్లు కొక్కేలకు వేలాడుతూ దొరుకుతాయి గానీ ప్రీమియం వచ్చిన రోజే అయిపోతుంది. తిరిగి అమ్మేవాళ్ల దగ్గర రెండు, మూడు రెట్లు పెట్టి తొందరపడి కొనకండి. ఫెరారీ ఒప్పందం కొన్నేళ్లపాటు ఉంటుంది, ఇదే అచ్చు వేరే రంగుల్లో మళ్లీ రావచ్చు.

మరి మీరేం చేయాలి?

నేనైతే అమ్మను. మీ కారు ప్యాకెట్‌లో లేదు, చిన్నప్పుడు ఆడుకున్నది, అంచుల్లో రంగు లేచి ఉంటుంది. అలాంటి లూజ్ కారుకు బయట వచ్చేది పెద్ద మొత్తం కాదు. మీకు ‘మంచి ధర’ చెప్పినాయన బహుశా 1988 అన్న అంకె చూసి చెప్పి ఉంటాడు, లేదా మూత తెరుచుకునే రకం అని గుర్తుపట్టి ఉంటాడు. రెండోదే అయితే ఆయనకు విషయం తెలుసు, మీరు ఇంకా తెలుసుకోవాలి. ఎటు చూసినా ఇప్పుడే ఇచ్చేయడానికి కారణం లేదు. కొత్తది ఎమ్మార్పీకి దొరికిన రోజు కొని పక్కన పెట్టుకోండి. రోడ్డు కారు ఒకటి, రేసు కారు ఒకటి, జంట బాగుంటుంది.

దాచేటప్పుడు భయపడాల్సింది లోహం గురించి కాదు. జింక్ మిశ్రమం పొడిపొడిగా రాలిపోతుందని చదివి చాలామంది కంగారుపడతారు. మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసిన చాలా పాతకాలపు బొమ్మలకు వచ్చే జబ్బు అది. 80లు, 90ల కార్లలో నాకు ఎప్పుడూ కనబడలేదు. నాకు నష్టం చేసింది తుప్పు. విశాఖలో ఉన్నప్పుడు సముద్రపు గాలికి ఇరుసులు ఎర్రబడి, ఆ తుప్పు మరక చక్రాల క్రోమ్ మీదికి పాకి మూడు కార్లు పాడయ్యాయి. వరంగల్‌లో మీకు అంత బాధ లేదు. అయినా డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి, వానాకాలం అయ్యాక మార్చండి. రబ్బరు టైర్లున్న కొత్త కారును మాత్రం ప్లాస్టిక్ మీద నేరుగా ఏళ్ల తరబడి ఉంచకండి. మెత్తటి టైర్లలోని పదార్థం ప్లాస్టిక్‌ను కరిగించి అంటుకుపోతుంది. కింద ఒక కాగితం ముక్క చాలు.

పాతదాన్ని శుభ్రం చేయాలనిపిస్తే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క షాంపూ, మెత్తటి పెయింట్ బ్రష్. థిన్నర్, శానిటైజర్ దగ్గరకు కూడా రానివ్వకండి, టాంపో ఒక్క తుడుపుకే పోతుంది. మూత తెరుచుకునేదే అయితే గోరు దూర్చి లాగకండి, అంచున రంగు లేస్తుంది. కారును బోర్లా పట్టుకుని అడుగు మీద వేలితో రెండుసార్లు తట్టండి, దానంతట అదే కాస్త వదులవుతుంది. అప్పుడు తెరిచి, లోపల ఇంజిన్ కనబడేలా ఒక ఫొటో, రివెట్లవి రెండు ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. ఏ కాలానిదో నేను చూసి చెబుతాను.